గోడ మీద పడని గీత

మా ముత్తాత తాటిమళ్ళ పెద లక్ష్మీపతి గారు గురజాల తాలూకాలో పదకొండు ఊళ్ళకు పెత్తనం చేసిన మనిషి. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. ఆయన తండ్రి నరసింహం గారు పల్లకీ దిగి పొలం చూడలేదట. పల్లకీలోంచి పొలం ఎంతమాత్రం కనిపిస్తుందో నాకు తెలియదు గాని, మా ఇంట్లో ఆ సంగతి గొప్పగానే చెప్పుకునేవారు. మా తాతయ్య చిన లక్ష్మీపతి గారి కాలానికి పల్లకీ పోయింది, పెత్తనం పోయింది, పదకొండు ఊళ్ళలో పది పోయాయి. లేచి నిలబడే అలవాటు మాత్రం కొందరు ముసలివాళ్ళకు మిగిలింది, అదీ నడుము నొప్పి లేని రోజున. ఆ వంశానికి ఇప్పుడు మిగిలిన వారసురాలిని నేను. ఏ తాటిమళ్ళ వారు అని ఎవరైనా అడిగితే, తాటిమళ్ళ వారు ఒక్కరే అని ఈనాటికీ జవాబు చెబుతాను.

మొన్న మా మనవరాలు గుంటూరు హాస్టలు నుంచి ఇంటికి వచ్చింది. హాల్లో వాళ్ళ నాన్న కాఫీ తాగుతుండగా, ఫోనులోకి చూసుకుంటూ, "అమ్మా, పదకొండు రోజులు లేటు" అంది. నెలసరి సంగతి. రోజులు ఆ ఫోనే లెక్కపెడుతుందట, ఆలస్యమైతే కారణాలు కూడా అదే చెబుతుందట. పిల్ల గడగడా చదివింది: పరీక్షల దిగులు, నిద్ర చాలకపోవడం, థైరాయిడు, ఒంట్లో నెత్తురు తగ్గడం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, ఈమధ్య వచ్చిపోయిన జ్వరం, గర్భం. చివరి మాట కూడా మిగతావాటి వరుసలోనే, అదే గొంతుతో చదివింది. మా అల్లుడు పేపరు పక్కన పెట్టి, "రేపు డాక్టరు దగ్గరికి పోదాంలే" అని మళ్ళీ పేపరు తీశాడు. పైకప్పు కూలలేదు. ఎవరూ గుండెలు బాదుకోలేదు. నేను లేచి నా గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. నాకూ ఒకసారి ఆలస్యమైంది. పదకొండు రోజులు కాదు. ఆ ఆలస్యానికి మా ఇల్లు వెతికిన కారణాలన్నీ రాస్తే ఆ ఫోను చిన్నబోతుంది.

మాకు ఫోను లేదు, గోడ ఉండేది. దొడ్డివైపు వసారాలో, ఆ మూడు రోజులూ మేము విడిగా కూర్చునే చోట, వంటింటి వెనక గోడ మీద నాయనమ్మ బొగ్గుతో గీతలు గీసేది. అమ్మకు ఒక వరుస, నాకు ఒక వరుస. ఎవరు బయట చేరితే వారి వరుసలో ఒక గీత, దాని కింద తిథి గుర్తుకు చుక్కలు. ఆవకాయ ఏ రోజున కలపాలి, వ్రతం ఏ శుక్రవారం పెట్టుకోవాలి, ఊరికి బండి ఎప్పుడు కట్టాలి అన్నీ ఆ గోడను చూసి తేల్చేది. నాయనమ్మకు చదువు రాదు గాని, పంచాంగం చెప్పే అయ్యవారిని కూడా ఆ గోడ దగ్గరికి పిలిచి, "ఇది చూసుకోని ముహూర్తం పెట్టు" అనేది. ఆయన తల వంచుకుని చూసేవాడు. పాలు పోసే ఆమె చూసేది, చాకలి ముత్తాలు చూసేది. మా ఇంటి ఆడవాళ్ళు ముఖం మీది కొంగు తీయకుండా, గొంతు పైకి రాకుండా బతకాలి. మా ఒంటి సంగతి మాత్రం ఊరంతా గోడ మీద చదువుకోవచ్చు.

నాకు పదహారేళ్ళప్పుడు ముప్పాళ్ళ నుంచి సంబంధం కుదిరింది. వాళ్ళు మాకంటే ఒక మెట్టు తక్కువ అని తాతయ్య అనేవారు. మాకంటే ఒక మెట్టు ఎక్కువవాళ్ళు మా గుమ్మం తొక్కడం మానేసి చాలా కాలమైందని ఎవరూ అనేవారు కాదు. అబ్బాయిని నేను చూడలేదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ ఇంట్లో నాలుగు గేదెలున్నాయని, మగవాళ్ళ బంతి లేచేదాకా ఆడవాళ్ళు కాచుకుని కూర్చోరని పాలామె చెప్పింది. ఆ ఒక్క మాటతో ఆ అబ్బాయి ఎలా ఉన్నా ఫరవాలేదని నిశ్చయించుకున్నాను. నాయనమ్మ గోడ ముందు నిలబడి నాలుగు నెలలు ముందుకు లెక్కకట్టి, మాఘమాసంలో నేను బయట ఉండని రోజున ముహూర్తం పెట్టించింది. ఆశ్వయుజంలో నా వరుసలో గీత పడలేదు. కార్తీకంలోనూ పడలేదు.

"ఏమే రాజ్యం, నీ గీత ఏదే?" అంది నాయనమ్మ, ఆ గీతను నేనే ఎక్కడో దాచినట్టు.

అప్పుడు మొదలయ్యాయి కారణాలు. ఒంట్లో వేడి ఎక్కువైందని నాయనమ్మ అంది. వారం తరువాత, కాదు, వేడి చాలలేదు అంది. అయ్యవారు జాతకం తీసి శని ఎటో చూస్తున్నాడన్నాడు. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటుంది, అందుకేనని ముత్తాలు అంది. తడి జుట్టుతో చింతచెట్టు కిందుగా నడిచానని పాలామె చూసిందట. మా ఊళ్ళో చింతచెట్లు తప్పించుకుని నడవాలంటే గాలిలో నడవాలి. ఆడపిల్లకు పత్రికలు చదివే అలవాటు మంచిది కాదని తాతయ్య అరుగు మీంచి తీర్పు చెప్పారు. మా నాన్నగారు చుట్ట వెలిగించుకున్నారు. ఆయన జీవితమంతా చుట్ట కాలుస్తూ ఏమీ అనకుండా గడిపిన మనిషి. వీటన్నిటికీ మందు ఒక్కటే దొరికింది, ఉపవాసం. కార్తీకమాసం కనుక సోమవారాలు ఎలాగూ ఉన్నాయి. శని కోసం శనివారం కలిపారు. అమ్మవారి కోసం మంగళవారం, శుక్రవారం, సూర్యుడి కోసం ఆదివారం ఒంటిపూట. ఏకాదశి ఎక్కడికీ పోదు. రోజులన్నీ ఇలా దేవతలు పంచుకున్నాక, నాకు బుధవారం, గురువారం మిగిలాయి.

ఆ మిగిలిన రోజుల్లో తిన్నది ఎంతో చెప్పాలంటే మా ఇంటి వంట సంగతి చెప్పాలి. మా ప్రాంతం మెట్ట. జొన్న, మిరప, పత్తి పండేది. వరి పండదు. ఊళ్ళో అందరూ జొన్నన్నం తిని, జొన్నరొట్టె తిని రాళ్ళలాగా ఉండేవారు. తాటిమళ్ళ వారు మాత్రం బియ్యపన్నమే తినాలి. జొన్నలు కూలివాళ్ళకు కొలవడానికి. ముత్తాత గారి కాలంలో డెల్టా నుంచి బళ్ళ మీద బియ్యం వచ్చేది కాబట్టి అది చెల్లింది. యుద్ధం వచ్చింది, బియ్యానికి కంట్రోలు వచ్చింది, వచ్చే నాలుగు గింజలకు చీటీ పట్టుకుని నిలబడాలి. నిలబడటం మాకు చేతకాదు గనక ఇంకొకరిని నిలబెట్టేవాళ్ళం. వాళ్ళు తమ వంతు తీసుకుని మిగిలింది తెచ్చేవారు. ఆ వచ్చిన దానితో తాతయ్య అరుగు మీదికి వచ్చిన ప్రతి పెద్దమనిషికి ఆకు వేసి, వేడి అన్నం పెట్టి, నెయ్యి పోయించేవారు. "తాటిమళ్ళ వారి నెయ్యి" అని ఆ పెద్దమనుషులు మూతి తుడుచుకునేవారు. తరువాత ఇంట్లో మగవాళ్ళు. తరువాత నాయనమ్మ. ఆ తరువాత అమ్మా నేనూ గిన్నె గోకి, గంజిలో ఉప్పు వేసుకుని, మజ్జిగ అని పిలిచే తెల్లటి నీళ్ళతో ముగించేవాళ్ళం. పెరట్లో నేల కింద రెండు పాతర్ల నిండా జొన్నలున్నాయి. వాటి మీద నడుస్తూ, వాటి మీద మంచం వేసుకుని పడుకుంటూ మేము పస్తులున్నాం. ఇందులో నన్ను నేను విడిగా చూపించుకోవడం లేదు. జొన్నరొట్టె తిను అని ఎవరైనా అంటే నేనే ముఖం తిప్పుకునేదాన్ని.

కార్తీకం చివరికి నాయనమ్మకు ఇంకో కారణం తట్టింది. అది తట్టిన రోజున వంటింటి తలుపు దగ్గరగా వేసి అమ్మను నిలదీసింది. నేను అవతల తులసికోట దగ్గర కూర్చుని అంతా విన్నాను.

"నీ కూతుర్ని అడిగావటే?"

"ఏం అడగమంటారత్తయ్యా?"

"ఏం అడగాలో కూడా నేనే చెప్పాల్నా? ఎవురితో మాట్టాడింది, ఎక్కడికి పోయింది!"

"మీ కళ్ళ ముందే ఉంటంది గదా. ఏనాడన్నా దొడ్డిగోడ దాటిందా?"

"దొడ్డిగోడ కూలి మూడేళ్ళయింది. దాటటానికి ఏముంది అక్కడ?"

దొడ్డిగోడ కట్టించుకోలేని సంగతి మా ఇంట్లో ఒకరు పైకి అనడం నేను వినడం అదే మొదలు, అదే కడపటిది. పరువు పోతుందనే భయం ముందు ఆ పాటి నిజం చిన్నదైపోయింది.

మర్నాడు మంగళవారం. మధ్యాహ్నం, తాతయ్య నిద్రపోయే వేళ చూసి, మోకాళ్ళు పట్టించుకునే నెపంతో నాయనమ్మ హుసేన్‌బీని పిలిపించింది. వెనక సందులో ఉండేది ఆమె. ఊళ్ళో సగం మందిని భూమ్మీదికి లాగిన మంత్రసాని. నన్ను కూడా ఆమే లాగింది. నన్ను వసారాలో వెలుతురుకు కూర్చోబెట్టి కింది రెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, నాలుక చూసింది, పొత్తికడుపు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని కాసేపు ఉంది. తరువాత నా జబ్బ చుట్టూ తన వేళ్ళు చుట్టింది. వేళ్ళు కలవడమే కాదు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"ఇవాళ మంగళవారం."

"నిన్న?"

"సోమవారం."

"మొన్న?"

"ఏకాదశి."

"దాని ముందు దినం శనివారం. అది నాకూ తెలుసులే" అని హుసేన్‌బీ నాయనమ్మ వైపు తిరిగింది. "అమ్మా, కడుపూ లేదు, గాలీ లేదు, దిష్టీ లేదు. పిల్లకి తిండి లేదు. ఒంట్లో ఉంటే గదా బయటికి వచ్చేది? నలభై దినాలు బాగా పెట్టండి, అదే వచ్చిద్ది. జొన్నలు లేవా ఏంది మీ ఇంట్లో?"

"నోరు ముయ్యవే! తాటిమళ్ళోళ్ళు జొన్నలు తింటారా?"

"తినకపోతే ఇట్టాగే ఉంటది. ఏమే పిల్లా, ఇంక గోడ మీద గీతలు నాక్కుంటావా?"

నాయనమ్మ ఆ రాత్రి భోజనాల ముందు తాతయ్యకు సంగతి చేరవేసింది. పిల్ల తప్పు చేయలేదని తెలిసి ఆయన సంతోషిస్తారని అమ్మ అనుకుంది. తాతయ్య ముఖం మాడిపోయింది. తప్పు చేసిందని విన్నా అంతగా మాడేది కాదు. తప్పు చేసిన పిల్ల ఒక్కతే తప్పు చేసినట్టు. తిండి లేని పిల్ల అంటే ఇల్లంతా బయటపడినట్టు. "ఆ మాట ఈ గుమ్మం దాటగూడదు" అన్నారు. కాసేపు మీసం సవరించుకుని, "గాలి సోకిందని చెప్పండి. మా మేనత్తకూ సోకింది. పెద్దిళ్ళలోనే సోకుతయ్యి అవి" అన్నారు. దెయ్యాలు కూడా అంతస్తు చూసుకుని వస్తాయని ఆ రోజు నాకు తెలిసింది. మాచర్ల వైపు నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించి, పుష్యమాసంలో శాంతి చేయించి, రెండు వందల మందికి భోజనం పెట్టాలని నిర్ణయం జరిగింది. భోజనం అంటే బియ్యపన్నం, నెయ్యి.

గాలి కబురు మనుషులకంటే వేగంగా ముప్పాళ్ళ చేరింది. మార్గశిరంలో ఒక పొద్దున అబ్బాయి తల్లి సుబ్బమ్మ గారు బండి కట్టించుకుని వచ్చి దిగారు. లావుపాటి మనిషి, గొంతు పెద్దది, చేతులు పనిచేసిన చేతులు. అరుగు మీద పెద్దమనుషులకు వేసినట్టే ఆవిడకూ ఆకు వేశారు. ఆవిడ తిని, చెయ్యి కడుక్కుని, నా దగ్గర కూర్చుని, నాయనమ్మను మంచినీళ్ళు అడిగి పంపించింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"తిన్నావా అమ్మాయ్?"

"తిన్నానండీ."

"ఏం తిన్నావు?"

"అన్నం, పప్పు, నెయ్యి."

నెయ్యి అనేటప్పుడు నా నోట్లో నీళ్ళూరాయి. మింగాను. ఆవిడ చూసింది. నేను ఇంకేమైనా చెబుతానేమోనని అలాగే చెయ్యి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, వెన్న వాసన వేసింది. ఆకలి అనే మూడక్షరాలు అంటే చాలు, మాఘంలో నేను ఆ నాలుగు గేదెల ఇంట్లో ఉంటాను. నేను వీపు నిటారుగా పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. నన్నెవరూ గిల్లలేదు, కనుసైగ చేయలేదు. నాయనమ్మ ఇంకా నీళ్ళు తేలేదు. నా నోరు మూసే పని నేనే చేసుకున్నాను.

సుబ్బమ్మ గారు లేచి అరుగు దగ్గరికి వెళ్ళి, స్తంభం పక్కన నిలబడి తాతయ్యతో అంది. "బాబాయిగారూ, పిల్ల నీరసంగా ఉందని చెప్పండి, నాతో పాటు ఇప్పుడే బండెక్కించుకోని పోయి మేపుకుంటా. నాకు పాలు లేవా, పెరుగు లేదా? దెయ్యమంటే మాత్రం నా వల్ల గాదు. పిల్లతో పాటు దాన్ని గూడా మేపాల్నంటే చానా కష్టం."

తాతయ్య ఒక్క మాట మార్చి ఉంటే సరిపోయేది. "మా ఇంటి పిల్ల నీరసంగా ఎందుకుంటుందమ్మా? గాలే" అన్నారు.

"అట్టాగే కానీండి" అని ఆవిడ బండెక్కింది. ఫాల్గుణంలో ఆ అబ్బాయికి రాజుపాలెం పిల్లతో పెళ్ళయింది. ఆ పిల్ల నాకంటే అందగత్తె కాదని, తిండిపుష్టి మాత్రం గట్టిదని పాలామె వచ్చి చెప్పింది. నాకు మరి మూడేళ్ళకు నరసరావుపేటలో ఒక బడిపంతులితో, ఆయనకు రెండోసారి, పెళ్ళి చేశారు. ఆయన సంగతి ఇక్కడ అనవసరం. మంచివాడు, నాతో పాటే కూర్చుని తినేవాడు.

సంబంధం చెడిన వారానికి మా అమ్మ తన జీవితంలో ఒకే ఒక్క అబద్ధం ఆడింది. హుసేన్‌బీ దగ్గర ఒక కషాయం ఉందని, వాళ్ళ ఇంట్లోనే పరగడుపున వేడిగా తాగాలని, నలభై రోజులు తప్పకూడదని అత్తగారితో చెప్పింది. నాయనమ్మ చాలా సేపు ఆలోచించింది. ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగితే నన్ను బావిదగ్గరే నాలుగు బిందెలతో కడిగి లోపలికి రానిచ్చేది. కానీ మందుకు అంటు లేదు. మందు ఎవరి చేతి నుంచైనా తీసుకోవచ్చన్నది ఆమె అత్తగారి కాలం నుంచి వస్తున్న ఆచారం. "మందయితే సరే" అంది. ఉపవాసాల రోజున కూడా మందుకు అభ్యంతరం లేదు. ఆచారం మీద అంత పట్టు ఉన్న మనిషి కాబట్టే నేను బతికాను.

హుసేన్‌బీ ఇంట్లో పొయ్యి ముందు నా కషాయం పెనం మీద ఉబ్బుతూ ఉండేది. మొదటి రోజు నేను చేతులు ముడుచుకుని, "మేం జొన్నలు తినం" అన్నాను.

"నువ్వు తినేది జొన్నలని ఎవురన్నారు? మందు. నమిలి మింగు" అని ఆమె వేడి జొన్నరొట్టె మీద కొరివికారం రాసి, నూనె చుక్క వేసి, పక్కన వేరుశెనగ పప్పులు, బెల్లంముక్క పెట్టింది. మొదటి ముక్కకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి కారానికే అన్నట్టు ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. నాలుగు రొట్టెలు తిన్నాను. ఐదోది అడగడానికి నాకు మూడు రోజులు పట్టింది, అడిగాక మళ్ళీ ఆగలేదు. ఆ వాసన, కాలిన జొన్నపిండి వాసన, ఇప్పుడు మా అమ్మాయి వంటింట్లో మళ్ళీ వస్తోంది. మనవరాలిని చూసిన డాక్టరమ్మ, నెత్తురు తక్కువగా ఉంది, పూట తప్పకుండా తినమని, వీలైతే జొన్నరొట్టెలు తినమని కాగితం మీద రాసిచ్చింది. ఆ జొన్నపిండి అందమైన సంచిలో, బియ్యానికి రెండింతల ధరకు వచ్చింది. పిల్ల హాస్టల్లో ఆరునెలలుగా రాత్రి భోజనం మానేసిందట, నడుము సన్నబడటానికి. మేము పరువు కోసం మానేశాం, ఇది నడుము కోసం మానేసింది. దీని తెలివికి మా తెలివి ఏమీ తీసిపోదు. తేడా ఒక్కటే, దీన్ని "ఏం తిన్నావు" అని అడిగితే "ఏం తినలేదు" అని నిజం చెబుతుంది. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

సంబంధం పోయినా శాంతి ఆగలేదు. పుష్యమాసంలో ఆ రోజు తెల్లవారింది. పందిరి వేశారు, వంటవాళ్ళు గాడిపొయ్యి తవ్వారు, భూతవైద్యుడు ముగ్గులు పెట్టి పసుపునీళ్ళు కలుపుకున్నాడు. నన్ను ఆ ముగ్గులో కూర్చోబెట్టడానికి తలంటు పోయబోతుండగా, నేను చాప, చెంబు తీసుకుని వెళ్ళి వసారాలో కూర్చున్నాను. నాయనమ్మ చూసింది, వెంటనే అర్థమైంది, నిలబడిపోయింది. రాలేదని చేయిస్తున్న శాంతి అది, వచ్చింది కాబట్టి ఇప్పుడు దాన్ని నేను ముట్టుకోకూడదు. నేను లేకుండా శాంతి లేదు. శాంతి లేకపోయినా రెండు వందల మంది అప్పటికే బయలుదేరారు. భూతవైద్యుడు కాసేపు గడ్డం గోక్కుని, "చూశారా, నేను ఊళ్ళో అడుగు పెట్టంగానే భయపడి పోయింది" అన్నాడు. తాతయ్య నెలల తరువాత మొదటిసారి నవ్వారు. నా బదులు ముగ్గులో ఒక గుమ్మడికాయను కూర్చోబెట్టి, బొట్టుపెట్టి, దానికి శాంతి జరిపించారు. నాయనమ్మ బొగ్గుముక్క తెచ్చి నా వరుసలో గీత గీసింది. గీసి, నా వైపు చూడకుండా, "ఆ కషాయం ఇంకో నలభై దినాలు తాగు" అని వెళ్ళిపోయింది. ఆమెకు ఎంత తెలుసో నేను ఎప్పుడూ అడగలేదు.

పందిట్లో బంతుల మీద బంతులు లేచాయి. వసారాలోకి అన్నం వాసన, కాగిన నెయ్యి వాసన, తాటిమళ్ళ వారి చెయ్యి పెద్దదన్న పొగడ్తలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. విడిగా కూర్చున్నదానికి అందరి తరువాత పెట్టాలి గనక, సాయంత్రానికి అమ్మ ఆకులో తెచ్చి దూరంగా జరిపిన అన్నం రెండు ముద్దలు. నాకు ఆకలి లేదు. పొద్దున్నే ఆరు రొట్టెల మందు పుచ్చుకుని ఉన్నాను.

ఆ రోజు భోజనాలకు దొంగచాటుగా తెప్పించిన బియ్యం కోసం తాతయ్య మాచవరం దోవలో ఉన్న ఎనిమిది ఎకరాల నల్లరేగడి చేను అమ్మారు. అప్పటికి కంకి గట్టిపడిన జొన్నపంటతో సహా అమ్మారు.